ఇంకొకరి మాట నిలబెట్టిన కోచ్

కోచ్ పోయారు. ఈ నెల మొదట్లో ఒక ఆదివారం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చి నుంచి ఇంటికొచ్చి కారు తాళాలు బల్ల మీద పెడుతుండగా ఫోన్ మోగింది. అవతల కర్టిస్. అతనికిప్పుడు మనవలున్నారు. అయినా నన్ను టీచర్ అనే పిలుస్తాడు.

"టీచర్, కోచ్ నిద్రలోనే వెళ్ళిపోయారు. ఫ్యునెరల్ గురువారం. మీరు రావాలి."

అతను ఏడుస్తున్నాడని ఊపిరిని బట్టి తెలిసింది.

కోచ్ పేరు పత్రికల్లో పెద్దగా ఎప్పుడూ రాలేదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అసిస్టెంట్ కోచ్‌గా మొదలై, అసిస్టెంట్ కోచ్‌గానే మిగిలిపోయిన మనిషి. అలా మిగిలిపోవడం చేతకాక కాదు. ఎందుకు మిగిలిపోయారో ఆయన భార్యకూ నాకూ తెలుసు. ఆవిడ ఆయనకంటే ముందే పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్భై ఎనిమిదిలో మా వారికి మిషిగన్ పడమటి వైపు ఒక చిన్న కాలేజీలో ఉద్యోగం వచ్చింది. నేను గుంటూరులో లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి వచ్చినదాన్ని. చదువులో వెనకబడ్డ ఆటగాళ్ళకు ఆల్జీబ్రా చెప్పే పని నాకు దొరికింది. ఇక్కడి ఫుట్‌బాల్ చేతుల్తో పట్టుకుని పరిగెత్తే ఆట. "కాలు తగలని ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటే?" అని మా వారు చివరిదాకా విసుక్కునేవారు.

కోచ్ మొదటిసారి నా గదికి వచ్చినప్పుడు గుమ్మంలోనే టోపీ తీసేశారు. కాళ్ళు తుడుచుకునే పట్టా మీద బూట్లు రుద్దుతూ ఎంతసేపు నిలబడ్డారో! బయట ఎండ కాస్తోంది, ఎక్కడా బురద లేదు. తర్వాత కర్టిస్‌ను ముందుకు తోశారు. అప్పటికి వాడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, తలుపంత మనిషి, నేల చూపులు చూస్తున్నాడు.

"వీడు పాసవ్వాలి టీచర్. నాకు కూడా చెప్పండి. దారిలో వీణ్ణి ప్రశ్నలడగాలి."

అన్నట్టుగానే వెనక వరసలో చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, కాఫీని పెన్సిల్‌తో కలుపుకుని, అదే పెన్సిల్‌తో లెక్కలు చేసేవారు. చాలావరకు తప్పులే. కర్టిస్ ఆయన కాగితం చూసి నవ్వేవాడు. వాడికి లెక్కలంటే భయం పోయింది అక్కడే అనుకుంటాను.

అసిస్టెంట్ కోచ్‌ల బతుకేమిటో నాకు ఆయన వల్లే తెలిసింది. చిన్న కాలేజీ నుంచి పెద్ద కాలేజీకి, అక్కణ్ణుంచి ఇంకా పెద్దదానికి, అదృష్టముంటే చివరికి హెడ్ కోచ్. రెండు మూడేళ్ళకోసారి ఊరు మారాలి. ఆయన భార్య కిటికీలకు కర్టెన్లు కొనడం మానేసింది, పాత దుప్పట్లే కట్టేది. "ఇక్కడ మూడేళ్ళు టీచర్. ఆ తర్వాత నన్ను టీవీలో చూడండి" అనేవారు కోచ్. ఆ మాట ఆయన గొప్పకు అనలేదు, అది ఆయన ప్లాన్.

ఆ చలికాలంలో కర్టిస్ ఒక పరీక్ష తప్పాడు. "జట్టులో ఇంకా ఇంతమంది ఉన్నారు. వీడొక్కడి కోసమే ఎందుకింత పాకులాడతారు?" అని అడిగాను. కోచ్ తలుపు వేసి వచ్చి చెప్పారు.

హైస్కూల్ పిల్లల ఇళ్ళకు వెళ్ళి, తల్లిదండ్రులను ఒప్పించి, వాళ్ళను కాలేజీలో చేర్చుకోవడం అసిస్టెంట్ కోచ్‌ల పని. ఈయనకు ముందు ఆ పని చేసినతను, కర్టిస్ కాలేజీలో చేరకముందు ఫిబ్రవరిలో చనిపోయాడు. ఒహాయో నది ఒడ్డున ఉన్న ఊళ్ళు తిరిగి వస్తుంటే, మంచు మీద కారు జారి నదిలో పడింది. అతని బల్ల, అతను తిరిగే ఊళ్ళు మా కోచ్‌కు వచ్చాయి. ఏప్రిల్‌లో కోచ్ మొదటిసారి కర్టిస్ ఇంటికి వెళ్ళారు. తల్లి ఒక్కతే ఉంది. తలుపు తీసి, "మీరు వస్తారని చెప్పాడు" అంది.

"ఎవరు?"

"మీ ముందరి కోచ్. పోయిన వారం వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. బూట్లు నీళ్ళు కారుతున్నాయి, వెళ్ళాక నేలంతా తుడుచుకున్నాను. నా తర్వాత ఇంకొకాయన వస్తాడు, మీవాడు డిగ్రీ తీసుకునేదాకా ఆయన చూసుకుంటాడు అన్నాడు. అది మీరే కదా?"

కోచ్ ఇదంతా చెబుతూ నా వైపు చూడలేదు.

"మీరేమన్నారు?" అని అడిగాను.

"'అవును, నేనే' అన్నాను. ఇంకేమనాలి టీచర్? చనిపోయాడని ఆమెకు ఎలా చెప్పను? మైదానంలో బంతిని ముందుకు తీసుకెళ్ళడానికి మాకు నాలుగు ఛాన్సులిస్తారు. ఒక తల్లి ముందు కూర్చున్నప్పుడు ఒక్కటే."

అప్పటినుంచే ఆయన ఏ గుమ్మం దగ్గరైనా బూట్లు అంతసేపు తుడవడం మొదలుపెట్టారట.

ఇంటికెళ్ళి మా వారికి చెప్పాను. "ఆమెకి డేట్లు కలిసిపోయుంటాయి విమలా. పాపం ఆయన పోకముందు వచ్చుంటాడు, ఈమె పోయినవారం అనుకుంటోంది. పాస్టర్ గారి కూతురివి, నువ్వు కూడా నమ్ముతావా?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఎనభై డిసెంబర్ దాకా అలాగే అనుకున్నాను.

ఆ డిసెంబర్‌లో రెండు సంగతులు ఒకే వారంలో జరిగాయి. కర్టిస్ మోకాలు పాడైంది, ఇక ఆడలేడన్నారు డాక్టర్లు. ఆ రోజుల్లో స్కాలర్‌షిప్ ఏడాదికేడాది ఇచ్చేవారు. ఆడనివాడికి వచ్చే ఏడు ఇస్తారన్న నమ్మకం లేదు. రెండోది, దక్షిణాదిన ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి కోచ్‌కు పిలుపొచ్చింది. దాదాపు లక్షమంది పట్టే స్టేడియం. సరిగ్గా ఆయన అనుకున్న మూడో ఏడు.

కోచ్ ఒప్పుకున్నారు. భార్య ఆ సాయంత్రమే కిటికీల దుప్పట్లు విప్పి మడతపెట్టింది. కానీ కర్టిస్ తల్లికి ఫోన్‌లో చెప్పడం ఆయనకు ఇష్టం లేదు. "మీరూ రండి టీచర్. వాడు ఇంటి దగ్గర ఏదైనా కాలేజీలో చేరితే ఏ క్లాసులు లెక్కలోకి వస్తాయో ఆమెకు చెబుదురుగాని" అన్నారు. పొద్దున్నే కోచ్, ఆయన భార్య, నేను ముగ్గురం బయల్దేరాం. దారి పొడవునా ఆయన భార్య కొత్త ఊళ్ళో ఇళ్ళ అద్దెల గురించి హుషారుగా మాట్లాడుతూనే ఉంది.

నది దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొగమంచు ఇంకా విడలేదు. నీళ్ళు కనబడవు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కొండవాలున చిన్న చెక్క ఇల్లు. మేం ముగ్గురం వస్తున్నామని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఇంట్లో ఫోన్ కూడా తీసేశారని అక్కడికెళ్ళాకే తెలిసింది. అయినా బల్ల మీద కాఫీ కప్పులు సర్ది ఉన్నాయి. మాకు మూడు, ఆమెకొకటి, ఇంకొకటి. ఆ అయిదో కప్పులో కాఫీ ఉంది, తాగలేదు, పైన తరక కట్టింది.

"కూర్చోండి" అంది కర్టిస్ తల్లి. "నిన్న వచ్చాడు. మీరు వీడ్కోలు చెప్పడానికి వస్తారన్నాడు."

కోచ్ చేతిలో టోపీ నలిగిపోతోంది. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. "ఎవరండీ వచ్చింది? మేం వెళ్తున్నామని మీకు ఎవరు చెప్పారు?" అని గట్టిగానే అడిగింది.

కర్టిస్ తల్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నీ మొగుడి మీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పాడమ్మా. తను కూడా అలాగే వేరే కాలేజీకి వెళ్దామనుకున్నాడట. ఫిబ్రవరిలో ఆ రోజు ఇంటింటికీ వెళ్ళి వీడ్కోలు చెబుతున్నాడట. నా ఇల్లొక్కటే మిగిలిపోయిందట."

నేను దగ్గరున్న కుర్చీ లాక్కుని కూర్చోబోయాను. దాని మెత్త చేతికి తగిలింది. తడిగా ఉంది. మామూలు తడి కాదు, వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లదనం. పైకప్పు కారుతోందేమోనని తలెత్తి చూశాను. ఎక్కడా మరక లేదు. ఆ వారమంతా చినుకు పడలేదు. మా నాన్న నేర్పిన ప్రార్థన నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎవరికోసం చెయ్యాలో తెలియక. నేను చేసిందల్లా ఆ కుర్చీని మళ్ళీ యథాస్థానంలో పెట్టి, గోడకానుకుని నిలబడటమే.

కోచ్ అన్నారు: "నేను వీడ్కోలు చెప్పడానికి రాలేదమ్మా. కర్టిస్ మోకాలి సంగతి చెబుదామని వచ్చాను. వాడి చదువు ఆగదు. నేను ఉన్నాను."

తిరుగు ప్రయాణంలో ఆయన భార్య మిషిగన్‌లోకి వచ్చాక ఒక్క మాటంది: "నువ్వు వాగ్దానం చేసింది చచ్చిపోయిన మనిషి తరఫున."

"కాదు. ఈ రోజు నా తరఫున చేశాను" అన్నారు కోచ్.

మర్నాడు ఆయన హెడ్ కోచ్ దగ్గరికి వెళ్ళి, ముందరి కోచ్ వేరే ఉద్యోగానికి ఒప్పుకున్నాడా అని అడిగారు. హెడ్ కోచ్ తెల్లబోయాడట. "అవును. నాకొక్కడికే చెప్పాడు. వాళ్ళావిడకు కూడా తెలీదు. నీకెలా తెలిసింది?" అన్నాడట. కోచ్ దక్షిణాది ఉద్యోగం వద్దనుకున్నానని మాత్రం చెప్పి, బదులుగా ఒక్కటే కోరారు. జట్టు ఆటలు తీసిన సినిమా రీళ్ళు కత్తిరించి అతికించే పని కర్టిస్‌కు ఇప్పించి, స్కాలర్‌షిప్ నిలబెట్టారు.

ఎనభై రెండులో కర్టిస్ డిగ్రీ తీసుకున్నాడు. ఆ రోజు పచ్చికలో కుర్చీలు వేశారు. తల్లి నీలం టోపీ పెట్టుకుని వచ్చింది. కోచ్ ఆమె పక్కకు వెళ్ళి, నాకు వినీ వినబడనంత మెల్లగా అడిగారు: "ఆయన వచ్చాడా?"

"మొన్న వచ్చాడు. ఇక రాను అన్నాడు. మీకు థాంక్స్ చెప్పమన్నాడు" అందామె, పక్కింటి మనిషి సంగతి చెప్పినంత మామూలుగా. కోచ్ అవతలికెళ్ళి మా కార్ల వెనక చాలాసేపు నిలబడ్డారు.

పెద్ద యూనివర్సిటీ మళ్ళీ పిలవలేదు. ఒకసారి కాదన్నవాడిని ఆ లోకంలో రెండోసారి అడగరు. ఎనభై అయిదులో హెడ్ కోచ్‌ను తీసేశారు, ఆయనతోపాటు అసిస్టెంట్లందరూ పోయారు. కోచ్ ఇంకా చిన్న కాలేజీకి, అక్కణ్ణుంచి హైస్కూల్‌కి వెళ్ళారు. ఆ హైస్కూల్ కర్టిస్ వాళ్ళ నది ఒడ్డునే. అక్కడే ఇల్లు కొన్నారు. ఆయన భార్య ఆ ఇంటికి పసుపుపచ్చ కర్టెన్లు కుట్టించి, నాకు ఫొటో పంపింది.

బాధ లేదా అని ఒకసారి అడిగాను. "శనివారాలు టీవీలో ఆ స్టేడియం చూపిస్తే ఛానెల్ మార్చేస్తాను టీచర్. బాధ లేదంటే అబద్ధమవుతుంది" అన్నారు. ఆయనలో నాకు బాగా నచ్చినది ఇదే. చేసిన మంచిని నొప్పి లేనిదిగా ఎప్పుడూ చెప్పుకోలేదు.

గురువారం మా అమ్మాయి నన్ను డ్రైవ్ చేసి తీసుకెళ్ళింది. చిన్న చర్చి నిండా మోకాళ్ళు పాడైన పెద్ద పెద్ద మనుషులు. బెంచీల మధ్య మెల్లగా, ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. కర్టిస్ మాట్లాడటానికి లేచాడు. రిటైరయ్యాక కూడా, పోయిన నెలదాకా, కోచ్ రోజూ ప్రాక్టీస్‌కి వెళ్ళి, చివర్లో విజిల్ ఊది పిల్లల్ని నది వైపు పరుగు పెట్టించేవారట.

బయటికి వచ్చేసరికి నది మీంచి పొగమంచు పైకి వస్తోంది. రోడ్డుకు అవతల స్కూల్ మైదానంలో ఈ ఏటి పిల్లలు హెల్మెట్లు పక్కన పెట్టి, వరసలుగా ఒంటి మోకాలి మీద కూర్చున్నారు. వాళ్ళ తలల మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. కొత్త కోచ్ విజిల్ మెడలో వేలాడదీసుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని, మాలాగే ఊరికే చూస్తున్నాడు. మా అమ్మాయి కారు స్టార్ట్ చెయ్యబోయి ఆగింది. పొగమంచు మైదానం సగందాకా వచ్చింది. ఎవరూ విజిల్ ఊదలేదు. అయినా పిల్లలంతా ఒక్కసారే లేచి, నది వైపు పరుగందుకున్నారు.