ఉన్నది ఉన్నట్టు వినిపించే హెడ్‌ఫోన్స్

నా హెడ్‌ఫోన్స్ ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే చాలా మంచివని చెబుతాను. ఎందుకు మంచివో మాత్రం చెప్పను. అది చెప్పాలంటే పెద్దనాయన సంగతి ఎత్తాలి, ఎత్తితే నా పరువు నేనే తీసుకున్నట్టవుతుంది. కానీ ఏడాదిగా ఈ మాట లోపల పెట్టుకుని తిరగడం కూడా బాగాలేదు.

అనంతపురంలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసుకుని బతుకుతాను. ముహూర్తాలున్న నెలల్లో తిండికి కూడా తీరిక ఉండదు, మూఢం వచ్చిందంటే తీరిక తప్ప ఏమీ ఉండదు. ఆ ఖాళీ నెలల కోసం బెంగళూరులో ఒక కంపెనీ పని పట్టుకోవాలని చూశాను. వాళ్ళు కథలూ పాఠాలూ చదివించి ఆడియోగా అమ్ముతారు. చదివినవాళ్ళ గొంతు మీది దుమ్ము దులిపి, శుభ్రం చేసి ఇవ్వడం పని. నమూనాకు ఐదు ఫైళ్ళు పంపాను. ఐదూ తిరిగొచ్చాయి. అక్కడి సౌండ్ ఇంజనీరు ఫోన్ చేసి, గొంతులన్నీ పలచబడిపోయాయని, కిందిస్థాయి, అంటే బేస్, అంతా కోసేశానని, ఇంతకీ ఏ హెడ్‌ఫోన్స్‌తో వింటున్నానని మర్యాదగానే అడిగాడు. పేరు చెప్పాను. నవ్వు ఆపుకున్నాడని నా అనుమానం.

అప్పటికి నావి టవర్ క్లాక్ దగ్గర ఎనిమిది వందలకు కొన్నవి. పెట్టుకుంటే పుర్రె అదిరేలా బేస్ కొడతాయి. ఏడేళ్ళుగా వాటినే నమ్ముకున్నాను, వాటితో విని ఎంతమందికో తీర్పులు చెప్పాను. ఇంజనీరు చెప్పింది ఏమంటే, బేస్ పెంచి వినిపించే వాటితో పని చేస్తే ప్రతి గొంతూ బొంగురుగా మోగుతున్నట్టు ఉంటుంది. అది తగ్గించబోయి మనం గొంతులో నిజంగా ఉన్న బరువును కోసేస్తాం. తక్కెడలో దోషం ఉంటే సరుకుదేం తప్పు? ఏదీ పెంచకుండా, ఏదీ తగ్గించకుండా వినిపించేవి ఉంటాయి, వాటిని న్యూట్రల్ అంటారు, అవి కొనుక్కుని మళ్ళీ పంపమన్నాడు.

కొనుక్కోమనడం సులభం. నా దగ్గర ఉన్నవి పన్నెండు వేలు. నెల రోజులు వీడియోలు చూశాను. ఒకడు దీన్ని మించింది లేదంటాడు, ఇంకొకడు అదే చెత్తలో వెయ్యమంటాడు. ఒక్కో హెడ్‌ఫోన్‌కూ ఒక గీత గీసి చూపిస్తారు, ఆ గీత ఎంత చదునుగా ఉంటే అంత గొప్పట. చెట్టూ చేమా లేకుండా చదునుగా ఉన్నదాన్ని గొప్పదనడం మా జిల్లావాడికి కొత్త. గొప్పవాటి ధరలు చూస్తే లక్ష దాటినవి కూడా ఉన్నాయి. నా డబ్బుకు అందే వాటిలో కొన్నిటికి వేరే ఆంప్లిఫయర్ కావాలి, దానికి మళ్ళీ అంత పెట్టాలి. అబద్ధం చెప్పేది ఎనిమిది వందలకు దొరికినప్పుడు నిజం చెప్పేది ఇంత ప్రియం ఎందుకయిందో అని చాలా విసుగు పుట్టింది. చివరికి బెంగళూరులో పాతవి అమ్మే దుకాణం ఒకటి తెలిసింది. ఒకప్పుడు ముప్పై వేలు పలికినవి, చెవి దిండ్లు పగిలిపోయి, సరిగ్గా పన్నెండు వేలకు ఉన్నాయన్నారు.

ఆ వీడియోల వాళ్ళందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే. వినడానికి వెళ్ళేటప్పుడు మీకు బాగా తెలిసిన పాట ఒకటి వెంట తీసుకెళ్ళండి అని. నాకు అంత బాగా తెలిసిన గొంతు ఒక్కటే ఉంది. అది మా పెద్దనాయనది.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. నల్లమాడ దగ్గర మా ఊళ్ళో నాలుగెకరాల మెట్ట చేను ఆయనకు. వాన పడితే వేరుశెనగ, పడకపోతే కూలి. పంట ఎట్లున్నా ఊళ్ళో చెక్కభజనకు ఆయనే గురువు. రెండు చేతుల్లో మువ్వల చెక్కలు పట్టుకుని పదిహేను మంది గుండ్రంగా తిరుగుతూ కొడుతుంటే మధ్యలో నిలబడి పాట ఎత్తేవాడు. మైకు అక్కర్లేదు. చిన్నప్పుడు నన్ను వీపున ఎక్కించుకుని పాడుతుంటే, పాట చెవికంటే ముందు నా కడుపులో తెలిసేది. ఆయన వీపు మొత్తం మోగేది. అప్పుడు నేను నిద్రపోయేవాణ్ణి.

అప్పటికి ఆరేళ్ళ కిందట, చేతికి కొత్తగా వచ్చిన విద్యను చూపించుకోవాలని, భజన మొత్తం రికార్డ్ చేస్తానన్నాను. ఒక ఆదివారం బడి గదిలో కిటికీలకు బొంతలు వేలాడదీసి పాడించాను. మూడు వారాలు కూర్చుని శుభ్రం చేశాను. గొంతు కుండలోంచి వచ్చినట్టు బొంగురుగా అనిపిస్తే తగ్గించాను. ఇంకా బొంగురే అనిపిస్తే ఇంకా తగ్గించాను. ఊపిరి పీల్చిన చప్పుళ్ళు ఏరి ఏరి తీసేశాను. అద్దంలా వచ్చిందని నా వీపు నేనే తట్టుకున్నాను.

శ్రీరామనవమి పొద్దున రాములగుడి మైకుసెట్టులో పెన్‌డ్రైవ్ పెట్టి వినిపించాను. ఊరంతా విన్నది. హార్మోనియం వాయించే పెద్దమనిషి ఇది గురువు గొంతు కాదే అన్నాడు. ఆయన్ను పదిమందిలో ఎగతాళి చేశాను, హార్మోనియం శ్రుతి చూసుకో ముందు అన్నాను. పెద్దనాయన అంతసేపూ స్పీకరు కింద నిలబడి విన్నాడు. జనం ప్రసాదానికి లేచాక నా దగ్గరకు వచ్చాడు.

"ఇది నా గొంతేనా అప్పా?"

"నీదే పెద్దనాయనా. మన గొంతు మనకు లావుగా ఇనపడతాది. బయటోళ్ళకు ఇనపడేది ఇదే. రికార్డింగు అబద్ధం చెప్పదు."

ఇన్నేళ్ళూ జనం విన్నది దీన్నేనా అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను. మనిషికి తన గొంతు తనకు వేరేలా వినిపించడం నిజమే. ఆ నిజం ఒకటి చదివి ఉన్నాను కాబట్టి అంత ధైర్యంగా చెప్పాను. ఆయన ప్రసాదం తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

మరుసటి వారం పాట ఎత్తమని ఇంకొకరికి చెప్పి, తాను చెక్కలు పట్టుకుని వరుసలో నిలబడ్డాడట. కొన్నాళ్ళకు వరుసలోనూ నిలబడలేదు. గుడి వైపు వెళ్ళడమే తగ్గించాడు. ఫోన్‌లో ఈ సంగతి విని, వయసయింది, గౌరవంగా తప్పుకున్నాడని నేను నలుగురికీ చెప్పాను. మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

బెంగళూరు దుకాణంలో కుర్చీ వేసి హెడ్‌ఫోన్స్ చేతికిచ్చారు. వెనక జాలీ ఉన్న పెద్దవి. మొదట నా అద్దంలాంటి ఫైలు పెట్టాను. ఉప్పు లేని పప్పులా ఉంది. పెద్దనాయన గొంతు సన్నగా, రేకు డబ్బా మీద గీసినట్టు వచ్చింది. వీటిలో బేస్ లేదండీ అన్నాను యజమానితో. ఆయన వాదించలేదు, వేరేది ఏదైనా పెట్టి చూడమన్నాడు. అదే ఫోల్డర్‌లో, బద్ధకం వల్ల చెరపకుండా వదిలేసిన అసలు రికార్డింగు ఉంది, నేను చెయ్యి పెట్టనిది. దాన్ని నొక్కాను.

బెంచీ జరిపిన చప్పుడు. ఎవరో దగ్గారు. చెక్కల మువ్వలు సర్దుకున్నాయి. పెద్దనాయన నిండా ఊపిరి పీల్చుకున్నాడు, ఆ చప్పుడు నా మెడ పక్కనే ఉన్నట్టు వినబడింది. పాట ఎత్తాడు. చెవికంటే ముందు కడుపులో తెలిసింది.

రెండు ఫైళ్ళనూ మార్చి మార్చి నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారికి సాకులన్నీ అయిపోయాయి. హెడ్‌ఫోన్స్‌లో లోపం లేదు. ఆయన గొంతులో ఏనాడూ లోపం లేదు. నేను దాన్ని కోసి, కోసిందాన్ని ఊరందరి ముందు వినిపించి, ఇదే నువ్వని ఆయన్ను నమ్మించాను. ఆయన నమ్మాడు. చదువుకున్నవాణ్ణి, తమ్ముడి కొడుకుని, నమ్మక ఏం చేస్తాడు? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యజమాని ఏమనుకున్నాడో, ఐదు వందలు తగ్గిస్తానన్నాడు. వద్దని పూర్తి డబ్బిచ్చి వచ్చాను. నా జన్మలో బేరం ఆడకుండా కొన్నది అదొక్కటే.

ఆ తరువాతి ఆదివారం కదిరి బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే ఉన్నాను. ఆయన మళ్ళీ పాడితే చాలు, నన్ను ఎంత తిట్టినా సరే అనుకున్నాను. వసారాలో పెద్దనాయన, పెద్దమ్మ విత్తనాల కోసం వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. నేనూ కూర్చుని రెండు గుప్పెళ్ళు ఒలిచాను, ధైర్యం కోసం. తరువాత సంచిలోంచి హెడ్‌ఫోన్స్ తీశాను. ఆయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి పక్కన పెట్టి, వాటిని పెట్టించుకున్నాడు.

అసలు రికార్డింగే వినిపించాను. మొదట కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పొట్టు అంటిన వేళ్ళు మోకాలి మీద తాళం వేశాయి. పాట అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి, కంప్యూటర్‌లో పెట్టి బాగానే సరిచేశావు, ఎవరి గొంతో అన్నట్టు చేశావు అన్నాడు.

"ఇది నేను ముట్టనిది పెద్దనాయనా. అప్పుడు గుడికాడ పెట్టింది, అది నేను సెడగొట్టింది. నా చెవులది తప్పు. నీ గొంతు ఇదే."

ఆయన అర్థం చేసుకోవడానికి కొంచెం సమయం పట్టింది. పెద్దమ్మకు ముందే అర్థమైంది. చేటను ధణేలుమని కింద పెట్టి, ఆరేండ్లు ఈ ఇంట్లో పాట లేదు కదరా అని మాత్రం అంది. ఇంకేదైనా అంటుందని తల వంచుకుని కూర్చున్నాను. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఒకసారి ఎత్తు పెద్దనాయనా అని బతిమాలాను. వద్దు వద్దంటూనే గొంతు సవరించుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు, పూర్తిగా అందలేదు. మధ్యలో రెండు చలికాలాలు దగ్గు పట్టి పీడించిందని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎత్తాడు. ఒక్క చరణం పాడి ఆపేశాడు. గొంతు సన్నగా, బరువు లేకుండా, రేకు డబ్బా మీద గీసినట్టు వచ్చింది. ఆ గొంతు నాకు తెలుసు. మూడు వారాలు కూర్చుని నేను తయారు చేసిన గొంతే, ఇప్పుడు మనిషి నోట్లోంచి వస్తోంది.

ఆయనకూ తెలిసింది. స్పీకరు కింద నిలబడి అంత శ్రద్ధగా విన్నవాడు మరచిపోతాడా? తిడతాడనుకున్నాను, తిట్టాలని మొక్కుకున్నాను. ఆయన తువ్వాలు మళ్ళీ తలకు చుట్టుకుని, చేటను నా వైపుకు కొంచెం జరిపాడు.

"పోనీలేప్పా. నువ్వు తప్పు ఇనలేదు. ఈ గొంతునే రవ్వంత ముందుగా ఇన్న్యావు, అంతే."