చేతికి అందే బారు

సంబంధం మాట్లాడేటప్పుడు మా అత్తగారు "మాకు బార్లు చాలా ఉన్నాయి" అన్న మాటకు మా అమ్మ ముఖం మాడ్చుకుంది. సారా అమ్మేవాళ్ల ఇంటికి పిల్లనివ్వడమేమిటని కొన్నాళ్లు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. మా బారు తాగేది కాదు, పట్టుకునేది. నడుముకు కొక్కెమున్న బెల్టు కట్టుకుని, ఆ కొక్కేనికి ఒక తాడు తగిలించుకుని, దాని చివర గదంత గాలిపటం ఎగరేసి, కాళ్ల కింద పలకతో సముద్రం మీద పరుగెత్తే ఆట ఒకటుంది. అది నేర్పడమే మా ఇంటి వృత్తి. ఆ తాడు మీద మూరెడు కర్ర ముందుకూ వెనక్కూ జారుతుంది, అదే బారు. దగ్గరికి లాక్కుంటే పటం గాలి నింపుకుని మనిషిని ఈడ్చుకుపోతుంది, దూరం నెడితే నీరసపడుతుంది. బారుకు పైన, అదే తాడు మీద, ట్రిమ్ అని ఒక అమరిక ఉంటుంది. గాలి ముదిరితే చెయ్యి చాచి దాన్ని లాగి, పటం బలం మొత్తంగా తగ్గించుకోవాలి. చెప్పడానికి ఇంతే. రోజంతా చేస్తే మాత్రం ఒళ్లు హూనమవుతుంది.

నేర్పేది మా అక్క. అక్క అంటే నాతో పుట్టినది కాదు, మా బావగారి భార్య. తోటికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అని లోకం అంటుంది గానీ, మాకు పోట్లాడుకునే ఓపిక ఎప్పుడూ మిగల్లేదు. ఆవిడ నీళ్లలో, నేను కుట్టుమిషను ముందు. చిరిగిన పటాలు కుట్టడం, తడిసిన బెల్టులు మంచినీళ్లలో ముంచి ఆరేయడం, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కబుర్లు చెప్పడం నా పని. బావగారు ఓడరేవులో క్రేను నడుపుతాడు, ఇంటికి నిద్రపోవడానికి వస్తాడు. బడి వ్యవహారమంతా మా ఆయనది. ఒడ్డున రేకుల షెడ్డు, దాని వెనకే ఇల్లు. ఇంట్లో ఎక్కడ చెయ్యి పెట్టినా ఇసుకే. ఊడ్చి ఊడ్చి విసుగెత్తి, ఇసుకకూ మాకూ రాజీ కుదిరిందని ఒకరోజు నేనే ప్రకటించి చీపురు మూల పెట్టేశాను.

అక్క ఈ ఇంటికి వచ్చేనాటికి ఈత రాదు. నీళ్ల తొట్టి నిండుగా ఉంటేనే భయపడేదట. మా మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన మంచం పట్టాక ఆయన విద్యార్థులను తనే తీసుకుంది. నాలుగు నాళ్లు చూసుకోమన్న పని ఆవిడ జీవితమైపోయింది. ఇప్పుడు ఈ తీరంలో పటం ఎగరేసేవాళ్లలో సగం మంది ఆవిడ చేతి కింద తయారైనవాళ్లే. మా ఆయన కూడా. అందరూ గాలి టీచరంటారు. తను భయపడుతూ నేర్చుకుంది గనక, భయపడేవాళ్లంటే ఆవిడకు ప్రాణం. ధైర్యవంతులంటే చిరాకు. ఎవరొచ్చినా మొదటి పాఠం ఒకటే: భయమేస్తే బారు వదిలెయ్యండి, అది దూరం జారిపోతుంది, పటం చతికిలబడుతుంది, మీకేమీ కాదు.

నిరుటి గాలికాలం మధ్యలో ఆవిడ కుడిభుజం బిగుసుకుపోయింది. చెయ్యి ముఖం దాకా వస్తుంది, తల దాకా రాదు. ముందుకు చాచబోతే మోచేయి తెరుచుకోకముందే నొప్పి. రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకుని వచ్చి నా గుమ్మంలో కూర్చునేది. నేను తల దువ్వి జడ అల్లేదాన్ని. గట్టిగా కట్టవే, నీళ్లలో ఊడితే కళ్లకడ్డం పడుతుంది అని రోజూ అదే మాట. డాక్టరు దగ్గరికి వెళదామంటే గాలికాలం అయ్యాక అనేది. గాలికాలం అయ్యాక, ఇప్పుడు తగ్గినట్టే ఉంది అనేది. మగవాళ్ల చెవిన వేయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ ఒక్క గింజను ఎలా నానబెట్టానో నాకే తెలియదు.

ఒకసారి విసిగిపోయి, ఇక నీళ్లలోకి దిగడం మానెయ్యమన్నాను. ఆవిడ వెనక్కి తిరగలేదు, జడ నా చేతిలో ఉంది గదా.

"మానేసి ఏం చెయ్యనే? నీ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించనా? ఒడ్డున కూర్చుంటే నేను మళ్లీ ఆ తొట్టికి భయపడే పిల్లనే," అంది.

నేను జడ చివరిదాకా అల్లి ముడి వేశాను.

ఇలా ఉండగా మా పాత బార్ల తాళ్లన్నీ పోగులు లేచిపోయాయి. బడి మొత్తానికి కొత్తవి కొనాల్సి వచ్చింది. అమ్మేవాడొకడు రెండు రకాలు చూడమని ఇచ్చిపోయాడు. మొదటిదాని ట్రిమ్ వెడల్పాటి పట్టీ, కిందకే ఉంటుంది, గుప్పెడుతో పట్టుకుని లాగేయొచ్చు. బారు జారే దూరం తక్కువ. పైగా తాడు మీద స్టాపర్ అని ఒక రబ్బరు గుండు ఉంది. దాన్ని ఎక్కడికి జరిపితే బారు అక్కడిదాకానే పోతుంది. రెండోదానికి గుండూ లేదు, అడ్డూ లేదు. వదిలితే బారు సర్రున పైదాకా పోతుంది, పటం పూర్తిగా చచ్చి పడుతుంది. అయితే దాని ట్రిమ్ చాలా పైన ఉంటుంది. సన్నటి తాడు, దాన్ని పట్టి ఉంచే పళ్ల బిళ్ల. చెయ్యి పూర్తిగా చాస్తే తప్ప అందదు.

మా ఆయన రెండూ బల్ల మీద పెట్టి, "రోజంతా పట్టుకునేది నువ్వు వదినా, నువ్వే తేల్చు," అన్నాడు. పాపం, గౌరవం చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆయన అటు పోగానే అక్క రెండో బారును షెడ్డు స్తంభానికి కట్టి, తాడు బిగదీసి నిలబడి, ఎడమచేత్తో బారు పట్టుకుని, ట్రిమ్ కోసం కుడిచెయ్యి చాచింది. అందలేదు. ఒళ్లంతా పక్కకు వంచి చూసింది. అప్పటికీ అందలేదు. చేతులు మార్చి చూస్తే, బారును ఆపి ఉంచడం కుడిచేతి ఒక్కదాని వల్ల కాలేదు. నేను మిషను చప్పుడు ఆపకుండా అంతా చూశాను. కాసేపటికి వచ్చి, రెండోది ఏం బాగాలేదు, పొట్టి చేతుల వాళ్లకు పనికిరాదు అంది. అందని ద్రాక్షపళ్లు పుల్లన అని నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ భుజం పట్టుకుని నిలబడ్డ తీరు చూసి మింగేశాను. మొదటిదే బాగుందని మా ఆయనకు చెప్పింది. సరే, కొన్నాళ్లు దాంతో నేర్పి చూడు, తర్వాత అన్నిటికీ కబురు పెడతాను అన్నాడు.

మా బడిలో మామగారి నాటి పద్ధతి ఒకటుంది. టీచరు నడుములోతు నీళ్లలో నిలబడి, ముందు తనే పటం ఎగరేసి గాలి ఎలా ఉందో చూస్తుంది. కుదురుగా ఉందనుకుంటే, ఎగురుతున్న పటాన్నే తన కొక్కెం నుంచి తీసి విద్యార్థి కొక్కేనికి తగిలిస్తుంది. కొత్తవాళ్లకు ఎగరేసే గండం తప్పుతుంది. ఈ కొత్త బారుతో ఎగరేసేటప్పుడు అక్క గుండును బాగా కిందకు జరుపుకునేది. బారు దూరం పోతే ఆ చెయ్యి వెళ్లి తెచ్చుకోలేదు మరి. విద్యార్థికి తగిలించే ముందు మాత్రం ఆ గుండును చివరిదాకా పైకి నెట్టాలి. లేకపోతే వదిలిన బారు రెండంగుళాలు జారి ఆగిపోతుంది, పటం లాగుతూనే ఉంటుంది. తాడు బిగిసి ఉన్నప్పుడు గుండు మొరాయిస్తుంది. చెయ్యి బారచాచి బలంగా తోయాలి. మొదట్లో ఎడమచేత్తో ఎలాగోలా తోసేది.

ఆవేళ వచ్చింది పళ్ల డాక్టరమ్మ. మహా నెమ్మది మనిషి. ఊళ్లోవాళ్లందరి చేతా నోరు తెరిపించే ఆవిడ, మా దగ్గర మాత్రం నోరు తెరిచి ఒక్క ప్రశ్న వేసేది కాదు. చెప్పింది చెప్పినట్టు చేసేది. అప్పటికే పొద్దుటి నుంచి ఎడతెరిపి లేకుండా పాఠాలు, అక్క ముఖం పీక్కుపోయి ఉంది. గాలి మెత్తగా ఉంది. అక్క గుండును ఎడమచేత్తో పైకి నెట్టబోయింది, అలసిన ఆ చేతికి అది కదల్లేదు. ఇంత మెత్తటి గాలికి ఏమవుతుందిలే అనుకుని, అలాగే డాక్టరమ్మకు తగిలించేసింది.

నేను ఒడ్డున బెల్టులు ఆరేస్తున్నాను. ఉన్నట్టుండి నీళ్ల మీద నల్లటి మరక పరుగెత్తుకొచ్చింది. అంటే గాలి విసురు. పటం బుస్సున ఉబ్బింది. డాక్టరమ్మ చెప్పినమాట ప్రకారం రెండు చేతులూ బారు మీద నుంచి తీసేసింది. తీసేసి, ఇక ఏమీ కాదన్న నమ్మకంతో చేతులు అలాగే గాల్లో ఉంచింది. ఆ చేతులు నాకిప్పటికీ కనబడతాయి. బారు కొంచెం జారి గుండు దగ్గర ఆగింది. పటం ఆవిడను బోర్లా పడేసి లోతు తక్కువ నీళ్ల మీద, గవ్వల మీద, ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చింది. అక్క నీళ్లు చీల్చుకుంటూ వెంటపడి, మీద పడి, నడుము దగ్గర పటాన్ని తెంపేసే ఎర్రపిడిని ఎడమచేత్తో నెట్టింది. పటం కూలింది. నేను చేతిలో బెల్టులు పారేసి పరుగెత్తాను.

డాక్టరమ్మకు గడ్డం చీరుకుపోయింది, ఒక మణికట్టు బెణికింది. అంతకంటే ఏమీ కాలేదు. షెడ్డులో బల్ల మీద కూర్చోబెట్టి నేను గడ్డం తుడుస్తుంటే, మా ఆయన తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ తప్పు చేసిన బడిపిల్లలా అక్క వైపు చూసింది.

"మీరు చెప్పినట్టే వదిలేశాను టీచర్. ఇంకేమైనా చెయ్యాల్సిందా?"

ఆ మాట అనకుండా తిట్టిపోసినా బాగుండేది. గాలి విసురు మీదకు నెట్టేయడం అక్కకు ఎంత తేలికో నాకు తెలుసు. ఈ తీరంలో అందరూ చేసే పనే అది.

"మీరు సరిగ్గానే చేశారండీ," అంది అక్క. "గుండు పైకి నెట్టాల్సింది నేను. నా చెయ్యి అంతదూరం పోదు. నిరుటి నుంచీ పోవడం లేదు."

మా ఆయన తువ్వాలు నాకిచ్చి బయటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం అందరం కూర్చున్నప్పుడు ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. విద్యార్థులందరికీ రెండో రకం తెప్పిద్దాం, వదిన ఒక్కదానికి మొదటి రకం ఉంచుదాం, దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మంచి ఆలోచనేనని తలూపాను కూడా. బావగారు డ్యూటీకి బయల్దేరబోతూ ఆగి, అలాగే చెయ్యమన్నాడు. అక్క తన అరచేతిలో గట్టిపడ్డ కాయలను గోటితో గిల్లుకుంటూ కూర్చుంది.

"ఒక షెడ్డులో రెండు రకాలు వద్దు," అంది. "ఎవరో ఒకరు తొందరలో ఒకటనుకుని ఇంకోటి తీసుకుంటారు. ఇవాళ నేనే తప్పాను, రేపు ఇంకొకరు. వదిలితే పూర్తిగా వదిలేదే తెప్పించు."

అది తెప్పిస్తే నీ చేతికి అందదు గదా వదినా అన్నాడాయన. అందదు, అందుకే నీళ్లలోకి నువ్వు దిగు అంది. చెప్పి లేచి గిన్నెలు తీసింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. భుజం మీదా, ఆ గుండు మీదా, అంత నెమ్మదిగా మాట్లాడిన అక్క మీదా. గిన్నెలు ఆవిడ చేతిలోంచి లాక్కుని, చప్పుడు చేస్తూ తోమాను.

కొత్త బార్లు వచ్చాయి. గడ్డం మానాక డాక్టరమ్మ కూడా వచ్చింది. రాదనుకున్నాం. మా ఆయన నీళ్లలో, అక్క ఒడ్డున ఇసుకలో నిలబడి నేర్పారు. గాలి పెరిగింది. అక్క మామూలుగానే, భయమేస్తే ఏం చేస్తారండీ అని అరిచింది. డాక్టరమ్మ జవాబివ్వకుండా చేతులు తీసేసింది. బారు సర్రున పైకి పోయింది, పటం దండెం మీది చొక్కాలా వేలాడి నీళ్ల మీద వాలింది. అక్క నవ్వింది. నవ్వుతూనే అలసిపోయినట్టు ఇసుకలో కూర్చుండిపోయింది. పాఠం నడుస్తుండగా ఆవిడ కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు.

మర్నాడు ఎప్పటిలాగే దువ్వెన పట్టుకుని వచ్చి నా గుమ్మంలో కూర్చుంది. నేను ఎప్పటిలాగే జుట్టు గుప్పెట పట్టి, లాగి, బిగించి అల్లుతున్నాను.

"అంత గట్టిగా ఎందుకే," అంది. "నీళ్లలోకి పోయేదాన్నా?"

అల్లిందంతా విప్పి, వదులుగా మళ్లీ అల్లాను.