జోగయ్యను ఎవరూ పిలవలేదు

రిటైర్ కావడానికి ఏడేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, నన్ను మధిర నుంచి భద్రాచలం అడవి అంచున ఉన్న ఒక మేజిస్ట్రేటు కోర్టుకు బదిలీ చేశారు. హోదా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్. జనం ఏపీపీ అంటారు. పోలీసులు పెట్టిన కేసును ప్రభుత్వం తరఫున కోర్టులో నడపడం మా పని. గెలిస్తే ఎస్సై మెచ్చుకుంటాడు, వరసగా ఓడితే పైనుంచి మెమో వస్తుంది. ఆ రోజుల్లో నాకు గెలుపు పిచ్చి ఉండేది, దాచుకోవడం దేనికి.

అక్కడ నేను నడిపిన ఒక కేసులో ముద్దాయి జోగయ్య. నలభై దాటిన కోయ రైతు. నేరం, తారురోడ్డు తవ్వడం. ఒకరోజు పొద్దున అన్నలు, అంటే నక్సలైట్లు, తుపాకులతో వాళ్ల గూడేనికి వచ్చారు. సాయంత్రంలోగా రోడ్డు తెగ్గొట్టాలి, ఇంటికొకరు రావాలి, రాకపోతే ఆ ఇంటి పెద్దను బతకనివ్వం అన్నారు. అంతకుముందే పక్క గూడెంలో ఒకర్ని చంపి ఉన్నారు, కాబట్టి అది ఉత్త బెదిరింపు కాదు. జనం గడ్డపారలు పట్టినంతసేపూ తుపాకులు పక్కనే ఉన్నాయి. మర్నాడు పోలీసులు వచ్చేసరికి గూడెం మగవాళ్లంతా అడవిలోకి పారిపోయారు. జోగయ్య ఒక్కడే దొరికాడు. ఆయన అన్న పక్షవాతంతో మంచం పట్టి ఉన్నాడు, వదిన ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. అన్నను లేపి కూర్చోబెట్టేదీ, పక్కకు తిప్పి పడుకోబెట్టేదీ ఈయనే.

ప్రాణభయంతో చేసిన పనికి చట్టంలో మినహాయింపు ఉంది. అప్పట్లో అది ఐపీసీ తొంభై నాలుగో సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో నంబరు మారింది. హత్య, రాజ్యం మీద చేసే ఉరిశిక్ష నేరాలు తప్పించి, చేయకపోతే అక్కడికక్కడే చంపేస్తారన్న భయంతో చేసింది నేరం కాదు. అయితే మెలికలున్నాయి. ఆ చావు భయం పని చేసిన మనిషికే ఉండాలి. తనంతట తాను పోయి అందులో ఇరుక్కుని ఉండకూడదు. అదంతా రుజువు చేసుకోవలసింది ముద్దాయే. మామూలుగా ముద్దాయితో సాక్ష్యం ఇప్పించరు. కానీ న్యాయసహాయం కింద వచ్చిన కొత్త లాయరమ్మ, వేరే దారి లేక, జోగయ్యతో దరఖాస్తు పెట్టించి బోనెక్కించింది. ప్రమాణం చేసి చెప్పినవాణ్ణి నేను క్రాస్ చేయవచ్చు, అంటే ఎదురు ప్రశ్నలు వేయవచ్చు.

ముందురోజే స్టేషన్ హెడ్ కానిస్టేబుల్ ఆ గూడెం పద్ధతి నాకు చెప్పి ఉన్నాడు. ఊరి పనికి ఇంటికొకరు పోవాల్సిందే. మగదిక్కు లేని ఇంటి తరఫున అన్నదమ్ములు పోతారు. వచ్చి పిలిచేదాకా ఆగడం వాళ్లకు నామోషీ. అన్న మంచంలో ఉన్న సంగతీ ఆయనే చెప్పాడు. నాకు కావలసిన ముక్క దొరికింది. మీ ఇంటి నుంచి తవ్వడానికి ఎవరు పోయారని జోగయ్యను అడిగాను. తన భార్య వెళ్లి తవ్విందన్నాడు. మరి నిన్నెవరు రమ్మన్నారని అడిగాను.

“నన్నెవ్వలు పిలువలే సార్. నేనే పోయిన. అన్న ఇల్లు ఉన్నది గద.”

కొంచెం గర్వంగానే చెప్పాడు. ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలియదు, నాకు తెలుసు. చావు భయం ఉన్నది అన్నకు, పోయింది తమ్ముడు, అదీ పిలవకుండా. తొంభై నాలుగు అక్కడితో సరి. లాయరమ్మకు తిరిగి ప్రశ్నించే హక్కుంది. పోకపోతే మీ అన్నను ఏం చేసేవారని అడిగి ఉంటే, కేసు కొట్టేయకపోయినా ఆ జవాబు రికార్డులోకి ఎక్కేది. ఆమె కంగారులో లేవనే లేదు.

నేరం రుజువైందని చెప్పి, శిక్ష వేసే ముందు మేజిస్ట్రేటు ముద్దాయిని ఏమైనా చెప్పుకుంటావా అని అడగాలి. అడిగారు. ఇంటికాడ అన్న ఒక్కడే ఉన్నడు సార్ అన్నాడు జోగయ్య. అందరూ ఇట్లాంటిదేదో ఒకటి అంటారు. మేజిస్ట్రేటు నా వైపు చూశారు. ఆ అన్న సంగతి ఫైల్లో లేదు, నా దగ్గర ఉంది. నడవడి బాగున్నవాణ్ణి బాండు మీద వదిలే చట్టమూ ఉంది. ప్రాసిక్యూషన్ చెప్పేదేమీ లేదన్నాను. రెండేళ్ల జైలు పడింది.

అన్న మూడు నెలలు కూడా బతకలేదు. మనిషిని తిప్పడం జోగయ్య భార్య ఒక్కదానివల్ల కాలేదట, వీపంతా పుండ్లు పడి పోయాడని హెడ్ కానిస్టేబులే చెప్పాడు. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్లు, శిక్ష దగ్గర నాకు తెలిసినదంతా కోర్టుకు చెప్పాను, అది నా కేసుకు మంచిదైనా చెడ్డదైనా. ఒకట్రెండు మెమోలూ వచ్చాయి. ఏపీపీకి జీతమిచ్చేది గెలవడానికి కాదు, తనకు తెలిసినది కోర్టుకు తెలపడానికి. ఇది లా కాలేజీలో మొదటి ఏడే చెప్పారు. నాకు అర్థమవడానికి జోగయ్య అన్న చావవలసి వచ్చింది.