బొట్టు పెట్టి పిలిచిన ఎమ్మెల్యే

వెంకటరత్నం గారి రాజకీయ జీవితాన్ని ముంచడానికి చాలామంది చాలా కష్టపడ్డారు. కేసులు పెట్టారు, ఎన్నికల్లో ఓడించారు, సొంత పార్టీవాళ్ళే టికెట్టు ఎగ్గొట్టారు. ఎవరివల్లా పూర్తిగా కాలేదు. ఆ పనిని ఒక్క కుంకుమ భరిణెతో, నవ్వు మొహంతో దాదాపు పూర్తి చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి, ఇప్పుడైతే నేనూ నవ్వుతున్నాను.

ముందు రత్నంగారి గురించి చెప్పాలి. ఆయన పుట్టుకతోనే ప్రతిపక్షం. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ప్రిన్సిపాలుకి ప్రతిపక్షం. కౌన్సిలరుగా ఉన్నప్పుడు మున్సిపాలిటీకి ప్రతిపక్షం. ఒకసారి ఆయన పార్టీయే గెలిచి అధికారంలోకి వస్తే, ఏడాది తిరక్కుండా దానికీ ప్రతిపక్షమైపోయారు. ఇన్ని ప్రతిపక్షాలకీ కలిపి ఆయన నడిపిన పక్షపత్రిక పేరు ‘గండి’. “పత్రికకి అంత అశుభం పేరేంటండీ?” అని ఎవరైనా అడిగితే, “గట్టు మనదైతే అశుభమండి, వాళ్ళదైతే శుభమే” అనేవారు.

రాజమండ్రిలో మిక్సీలు బాగుచేసే కొట్టు మీద గదిలో మా ఆఫీసు. ఎడిటర్ ఆయన, సబ్ ఎడిటర్ నేను, మిగతా సిబ్బంది ఒక సీలింగు ఫ్యాను. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం వెళ్ళిన రోజు ఆయన నన్ను రెండే ప్రశ్నలు అడిగారు.

“తెలుగు తప్పుల్లేకుండా రాస్తావా అమ్మాయ్?”

“రాస్తానండి.”

“ఎవరైనా ఫోన్ చేసి బెదిరిస్తే భయపడతావా?”

“భయపడతానండి.”

“మంచిది. అబద్ధమాడవన్నమాట. రేపట్నుంచి వచ్చెయ్.”

ఇలాంటి మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం. నన్ను చేర్చుకోవడం ఆయన గ్రహచారం.

ఆ ఏడు వానలకి మురుగు కాలువ పొంగి మూడు ఊళ్ళ వరిచేలు మునిగిపోయాయి. కాలువలోకి జరిపి ఎవరో గట్టు వేసి రొయ్యల చెరువు తవ్వారు. నీళ్ళు దిగడానికి దారి లేదు. ఆ ‘ఎవరో’ మా ఎమ్మెల్యేగారేనని అందరూ చెవుల్లో చెప్పుకునేవారు, కాగితాల మీద మాత్రం ఆయన పేరు ఎక్కడా లేదు. “నాకు రొయ్యల వేపుడు తెలుసండి, రొయ్యల చెరువు తెలీదండి” అని ఆయన సభల్లో జనాన్ని నవ్విస్తుండేవారు. చేలు మునిగినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు నవ్వేవారు కూడా.

రత్నంగారు దీని మీద ప్రత్యేక సంచిక వేశారు. ముఖచిత్రం నిండా ఆ చెరువు ఫొటో. దాని కింద పెద్ద అక్షరాలతో ‘ఈ చెరువు ఎవరిది?’ అన్న ప్రశ్న. రైతులందరి ఎదుటా సంచికని విడుదల చేసి, మర్నాడు వాళ్ళందరితో కలిసి కలెక్టరు దగ్గరికి వెళ్ళాలని ఆయన ఆలోచన. రైతులకేమో నమ్మకం చాలడంలేదు. అంతకుముందు వచ్చిన నాయకులు మునిగిన చేలల్లో నిలబడి ఫొటోలు దిగి, తర్వాత ఎమ్మెల్యేగారింట్లో కాఫీ తాగి మాట్లాడ్డం మానేశారు. రైతుల పెద్ద సత్తిబాబు మా ఆఫీసుకొచ్చి ఆ మాట మొహానే అడిగేశాడు.

“మేం వత్తామండి. కానీ మీరు కూడా రేపు ఆయనతో కలిసిపోయారనుకోండి, మాకింకెవరూ లేరండి, ఆయ్.”

“నేను కలవను సత్తిబాబూ. కలవడమే చేతనైతే ఇలా ఎందుకుంటాను?” అన్నారు రత్నంగారు.

సత్తిబాబు వెళ్ళాక ఆయన నావైపు తిరిగారు. అప్పటికే ప్రకటనలిచ్చేవాళ్ళు జారుకున్నారు, బడ్డీకొట్లవాళ్ళు మా పత్రికని పైకి కనిపించేలా వేలాడదీయడానికి భయపడుతున్నారు. “ఈ సభ పాడైతే పత్రికా ఉండదు, వాళ్ళ చేలూ ఉండవు. అందుకని వాట్సాప్‌లో కార్డు పడేస్తే చాలదు. ఊళ్ళో పెద్దమనుషుల్ని పెళ్ళికి పిలిచినట్టు పిలవాలి” అన్నారు.

తెలివైనవాళ్ళెవరైనా ఆ మాటని మాటగా తీసుకుంటారు. నేను పనిగా తీసుకున్నాను. ఇంటికెళ్ళి మా అమ్మతో చెప్పాను.

“పెళ్ళికి పిలిచినట్టంటే బొట్టు పెట్టి పిలవాలి కదే” అంది అమ్మ.

“రాజకీయ సభకి బొట్టేంటమ్మా?”

“ఉత్తి కార్డు చేతిలో పెడితే ఎవరొస్తారే? ఇంటికెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి పిలిస్తే వాళ్ళే మగవాళ్ళని లాక్కొస్తారు” అని వెండి భరిణె నా చేతిలో పెట్టింది. మా అమ్మ మాట ఎంత నిజమో నాకు త్వరలోనే తెలియబోతోంది.

మా వైపు బొట్టుకి ఒక చట్టం ఉంది. చేతిలో భరిణెతో వీధిలో వెళుతున్నప్పుడు గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలిని చూసీ చూడనట్టు దాటిపోకూడదు. పక్కింటావిడకి పెట్టి ఈవిడకి పెట్టకపోతే, మనవరాళ్ళ పెళ్ళిళ్ళలో కూడా ఆ సంగతి గుర్తుచేసుకుని మూతి తిప్పుతారు. ఈ చట్టానికి రాజకీయాలతో సంబంధం లేదు.

రిటైరైన డాక్టరుగారింట్లో పిలుపు పూర్తిచేసుకుని బయటికొచ్చాను. పక్కిల్లు ఎమ్మెల్యేగారిది. గేటు దగ్గర ఆయన భార్య మంగతాయారుగారు నిలబడి ఉన్నారు. ఆవిడ నన్ను చూశారు. తర్వాత నా చేతిలో భరిణెని చూశారు.

“ఏమ్మా, ఏంటి శుభకార్యం?”

“మా పత్రిక ప్రత్యేక సంచికండి... చిన్న సభండి...” అని నసిగాను.

“అయ్యో, చదువుల తల్లి పనేగా, మంచిదేగా” అని ఆవిడ ఒక అడుగు ముందుకేసి నుదురు ముందుకి పెట్టారు.

మీరైతే ఏం చేసేవారు? నేను బొట్టు పెట్టాను. నోరు ఊరుకుంటుందా? ఉదయంనుంచి ఇంటింటా చెప్పి చెప్పి అలవాటైపోయిన మాట దానంతటదే వచ్చేసింది. “మీరూ, సారూ తప్పకుండా రావాలండి.”

“అయ్యో, పిలిస్తే రామా?” అన్నారావిడ.

ఆ మాట విని నేను నిశ్చింతగా ఇంటికి పోయాను. మన దగ్గర ‘తప్పకుండా వస్తాం’ అన్నవాళ్ళు రారు కదా, అది మర్యాదగా రామని చెప్పడమే కదా అనుకున్నాను. రత్నంగారికి చెప్పలేదు. రానివాళ్ళ గురించి చెప్పి ఆయన్ని కంగారు పెట్టడమెందుకని నా పెద్దమనసు.

సభ ఒక కల్యాణమండపంలో పెట్టాం. మూఢం రోజులు, ముహూర్తాల్లేవు, కాబట్టి సులువుగా దొరికింది. వేదిక మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీలు రెండూ అలాగే ఉన్నాయి. వాటి మధ్య, పంతులుగారు మంత్రాలు చదవడానికి పొట్టి స్టాండుకి బిగించిన మైకు ఉంది. నిలబడి మాట్లాడేవాళ్ళకి వేరే మైకు పెట్టారు. పంతులుగారి మైకుని ఆపడం ఎవరికీ తోచలేదు.

రైతులు ట్రాక్టర్ల మీద వచ్చి హాలు నింపేశారు. రత్నంగారి మొహం వెలిగిపోతోంది. సరిగ్గా అప్పుడు బయట కార్ల హారన్లు వినిపించాయి. ముందు అనుచరులు, తర్వాత గజమాల, తర్వాత శాలువా, ఆ వెనక ఎమ్మెల్యేగారు, ఆయన పక్కన పట్టుచీరలో మంగతాయారుగారు! నేను కూర్చున్న కుర్చీ కిందికి దూరడానికి వీలుందేమో చూశాను. ప్లాస్టిక్కు కుర్చీ, వీలుపడలేదు.

దంపతులు కనిపించగానే అలవాటు ప్రకారం మండపం కుర్రాళ్ళు ఇద్దర్నీ తీసుకెళ్ళి ఆ ఎర్ర కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేగారు రత్నంగారి చేతులు పట్టుకుని, “ఇన్నాళ్ళకి గుర్తొచ్చామండీ మీకు! బొట్టు పెట్టి పిలిపించారని మా ఆవిడ చెబితే పనులన్నీ మానుకుని వచ్చేశాను” అన్నారు. రత్నంగారు లొంగిపోయి కబురు పెట్టారనుకున్నారాయన.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సత్తిబాబు లేచి కండువా దులుపుకున్నాడు. “చూశారా? నేను చెప్పానా? ఈయన కూడా కలిసిపోయాడు. పదండి పదండి.” వెనక వరసలు లేచి తలుపువైపు కదిలాయి.

రత్నంగారు నా పక్కకొచ్చి మెల్లగా అడిగారు.

“ఎవరు పిలిచారమ్మా?”

“నేనేనండి.”

“ఎందుకు?”

“ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారండి. నా చేతిలో భరిణె ఉందండి.”

ఆయన కూడా గోదావరి నీళ్ళు తాగి పెరిగినవారే. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, “మరింకేం చేస్తావులే” అన్నారు.

తర్వాత మైకు దగ్గరికి వెళ్ళారు. నా పేరు చెబుతారనుకున్నాను. చెప్పినా తప్పు లేదు, ఆయన గౌరవం దక్కేది. కానీ ఆయన అన్న మాట వేరు. “సత్తిబాబూ, ఆగండి. వీళ్ళని పిలిచింది నేనే. పది నిమిషాలు కూర్చోండి. సంచిక చూశాక కూడా నేను కలిసిపోయాననిపిస్తే, నా మొహం చూడకుండా వెళ్ళిపోండి.”

నా పొరపాటుని తన నెత్తిన వేసుకున్న ఆ మనిషి గొంతులో చిన్న వణుకు కూడా లేదు. నేను మాత్రం చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాను. రైతులు కూర్చోలేదు, అలాగని వెళ్ళనూ లేదు. తలుపు దగ్గరే నిలబడ్డారు.

సంచికల కట్ట రంగు కాగితం చుట్టి ఉంది. రత్నంగారు దాన్ని ఎమ్మెల్యేగారి చేతికిచ్చారు. ఎమ్మెల్యేగారు కాగితం చించి, ఒక ప్రతి తీసి, ఏముందో చూడకుండానే తలకంటే ఎత్తుగా జనంవైపు తిప్పి పట్టుకుని కెమెరాలకి నవ్వారు. నాయకులకి పుస్తకంతో ఉండే సంబంధం అంతవరకేనని మీకు నేను చెప్పక్కర్లేదు. చూసింది పక్క కుర్చీలో ఉన్న మంగతాయారుగారు. ఆవిడ మూతికి ఎదురుగా పంతులుగారి మైకు ఉంది.

“అదేంటండీ, ఇది మన చెరువేగా!”

హాలంతా మోగింది. ఎమ్మెల్యేగారి నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

“ష్... కాదే, అది లీజు చెరువు, ఎవరిదో...”

“లీజేంటండీ? గట్టు మీద ఆ కొబ్బరి మొక్కలు నేను నాటించినవే! భూమిపూజకి పీటల మీద కూర్చుంది మనమేగా!”

ఈ మాటలన్నీ మంత్రాల్లాగే స్పష్టంగా అందరికీ వినిపించాయి. తర్వాత తలుపు దగ్గర నవ్వు మొదలై వేదికదాకా వచ్చింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి.

సత్తిబాబు జనాన్ని తప్పించుకుంటూ వేదిక ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“ఎమ్మెల్యేగారండి, దణ్ణాలండి. మరి గట్టు ఎప్పుడు తీయిత్తారండి?”

“చూద్దామండి... త్వరలోనే...”

“త్వరలో అంటే ఏ వారవండి?”

“ఈ... ఈ వారమేనండి.”

“ఆయ్! శానా సంతోషవండి.”

మావాళ్ళు మనిషిని నిలదీసినా ‘అండి’ తగ్గించరు. తెచ్చిన శాలువా తిరిగి తీసుకెళ్తే బాగోదని, ఎమ్మెల్యేగారు దాన్ని రత్నంగారికే కప్పి వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా ఆ వీడియో తునినుంచి యానాం దాకా అందరి ఫోన్లలోకీ చేరింది. అన్న వారంలోనే పొక్లెయిన్ వచ్చి గట్టు తవ్వింది, నీళ్ళు దిగాయి. సభ రోజు వెళ్ళేటప్పుడు మంగతాయారుగారు నా బుగ్గ పుణికి, “చాలా బాగా జరిగిందమ్మా, మళ్ళీ ఏదైనా ఉంటే పిలువు” అన్నారు. ఆవిడ అమాయకంగా మాట్లాడారో, అన్నీ తెలిసే మాట్లాడారో నాకు ఈరోజుకీ తెలియదు.

సభ జరిగిన మర్నాడే రాజీనామా చేస్తానని రత్నంగారితో అన్నాను.

“ఎందుకు?”

“నా తప్పుకి మీరు పోయేవారండి. పిలిచింది మీరేనని ఎందుకు చెప్పారండి?”

“పత్రిక పేరు మీద వెళ్ళావు కదమ్మా. నువ్వు పిలిస్తే నేను పిలిచినట్టే. కూర్చో, ప్రూఫులు చూడు.”

అంతే. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ పొరపాటు ఎత్తలేదు. పైగా ఎవరు మెచ్చుకున్నా, “అదంతా మా అమ్మాయి చలవండి, సాక్షిని బొట్టు పెట్టి మరీ తీసుకొచ్చింది” అనేవారు. తప్పు తన మీద వేసుకుని, మంచి నాకిచ్చేశారు. ఆ రోజు ఆయన నా పేరు చెప్పి ఉంటే నేను మళ్ళీ కలం పట్టుకునేదాన్ని కాదు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన దయే.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో రత్నంగారు యథాప్రకారం ఓడిపోయారు. ఆపై ఎన్నికల్లో అందరూ ఆశ్చర్యపోయేలా గెలిచారు. ఆయన పార్టీ కూడా గెలిచింది. ప్రమాణస్వీకారం అయిన మర్నాడే మిక్సీల కొట్టు మెట్లెక్కి వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టారు. “ఇక నేను అధికార పక్షం అమ్మాయ్. నామీద రాయడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. గండి నీదే” అన్నారు.

ఇప్పుడు అదే మురుగు కాలువ గుర్రపుడెక్కతో నిండిపోయింది. తీయిస్తానన్న రత్నంగారు ఇంకా తీయించలేదు. దానిమీద ప్రత్యేక సంచిక సిద్ధం చేశాను. నిన్న ఆయనే ఫోన్ చేశారు.

“ఆవిష్కరణ ఎప్పుడమ్మా?”

“ఆదివారమండి.”

“నన్ను పిలవవా?”

“సంచిక మీ మీదేనండి.”

“తెలుసు. వస్తాను, ముందు వరసలో కూర్చుంటాను, తిట్టినచోట చప్పట్లు కూడా కొడతాను. ఒక్కటే మాట. మా ఆవిడ కామేశ్వరిని మాత్రం పిలవకమ్మా. ఆ కాలువ పని ఎందుకాగిందో ఆవిడకి మొత్తం తెలుసు.”

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పత్రిక పని మీద వెళ్ళేటప్పుడు కుంకుమ భరిణె ముట్టుకోను. ఏ ఎమ్మెల్యేగారి భార్య ఏ గేటు దగ్గర నిలబడినా తల వంచుకుని వెళ్ళిపోతాను. ఈ ప్రతిజ్ఞ సోమవారంనుంచి అమల్లోకి వస్తుంది. శనివారం మాత్రం కామేశ్వరిగారింటికి ఒకసారి వెళ్ళి రావాలి.