"నాకు తెలీదండీ"

తొంభైల్లో ఫిలింనగర్‌లోని మా ఇంట్లో ఒక గదిని గుంటూరు వైపు పిల్ల కిరాయికి తీసుకుంది. ఆ వీధికి అందరూ సినిమా వేషాల కోసం వచ్చేవాళ్లు. ఈమె కౌన్సెలింగులో పీజీ చేయడానికి వచ్చింది. అంటే ఎదుటివాళ్ల బాధ వినడం నేర్పే చదువట.

ఎవరైనా బాధ చెప్పబోతే ముందు చేతి గడియారం తీసి సంచిలో వేసేది. మనం టైము చూస్తే చెప్పేవాళ్లకు నోరు రాదు అనేది. తర్వాత, "నాకు తెలీదండీ, మీరే చెప్పండి" అనేది.

"గింత సదువు సదివి తెల్వదంటవేందమ్మా!" అని పక్కింటి వదిన ఆటపట్టించేది. నేనూ నవ్వేదాన్ని.

షూటింగుల్లో లైట్‌మన్‌గా చేసే మా ఆయన ఒకరోజు లైట్లు కట్టే మంచె పైనుంచి పడి చనిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఏడవకపోతే పిచ్చి లేస్తుందని ఆడవాళ్లు భయపడ్డారు. వదిన నా భుజాలు పట్టి ఊపింది.

"ఏడువ్వే! నీ దుఃఖం మాకు తెల్వదా?"

"ఆంటీని కాసేపు వదిలేయండి" అంటూ ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని గడియారం తీసింది. "నాకు తెలీదండీ" అంది. మీరే చెప్పండి అని మాత్రం అనలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

చదువు అయిపోయాక ఆమె వెళ్లిపోయింది. నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. ఆ ఏడుపు నాకు ఇప్పటికీ రాలేదు. ఎందుకు రాలేదో నాకూ తెలీదు. ఆ మాట చెబితే నమ్మే మనిషి ఆమె ఒక్కతే.