దేవమ్మ తీసిన నారి

తిరుమలగిరి దగ్గరి ఆ ఊళ్ళో నారికురుపు తియ్యాలంటే దేవమ్మే తియ్యాలి. నారికురుపంటే చిన్న బాధా? కాలి మీద బొబ్బ లేస్తుంది, చిట్లుతుంది, అందులోంచి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. తొందరపడి లాగితే తెగి కాలు కుళ్ళుతుంది. దేవమ్మ మనిషిని దిగుడుబావి మెట్టు మీద కూర్చోబెట్టి, కాలు నీళ్ళలో పెట్టించి, పురుగును చీపురుపుల్లకు రోజుకింత చుట్టేది. నలభై ఏళ్ళుగా ఒక్కటి తెగనివ్వలేదు. అదీ ఆమె పొగరు.

పొగరున్న మనిషికి అనుమానం రావడం కష్టం. తెచ్చిపెట్టింది సాలి. చేదతో తోడుకునే ఉప్పుబావి వాడ ఆమెది.

"అక్కా, మా వాడోళ్ళు ఒక్కరన్న నీ తానికి వచ్చిన్రా?" అని అడిగింది ఒకనాడు.

దేవమ్మ ఆలోచించింది. రాలేదు. ఉప్పు నీళ్ళు తాగేవాళ్ళకు రోగం లేకపోవడమేమిటి, దిగుడుబావి తియ్యటి నీళ్ళు తాగేవాళ్ళు కుంటడమేమిటి? అడుగుదామంటే, రజాకార్ల భయానికి సూర్యాపేట దవాఖానకు పోయే దారే లేదు. ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. కురుపు లేచిన ప్రతి కాలికీ ఆ ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీశారు. ఎండాకాలం ముగిసేసరికి దిగుడుబావి వైపు గోడలు నల్లబడ్డాయి. ఉప్పుబావి వైపు ఒక్క గీత లేదు.

"ఇగ మన తార ఉప్పుబావి నీళ్ళే తాగాలె," అని దేవమ్మ కోడలికి చెప్పింది. తార ఎనిమిదేళ్ళ మనవరాలు. ముఖం చిట్లించుకుంటూనే తాగింది, పాపం.

పోలీసు యాక్షన్ అయింది. మళ్ళీ ఎండలొచ్చాయి. తార మడమ మీద బొబ్బ లేచింది.

కోడలు సువర్ణ మండిపడింది. "ఏడాది సంది పిల్లకు ఉప్పునీళ్ళు తాపితివి. ఏమైందత్తా? రేపటి సంది మంచినీళ్ళే తెస్త."

దేవమ్మ బొగ్గుగీతలన్నీ మనసులో మళ్ళీ లెక్కపెట్టుకుంది. గోడలు అబద్ధం చెప్పాయా? సాలిని అడిగితే "నాకేం ఎరుకక్కా" అంది, ఆమె మాత్రం ఏం చెబుతుంది. ఏం చెయ్యాలో తెలియక దేవమ్మ తెలిసిన పనే చేసింది. తారను బావి మెట్టు మీద కూర్చోబెట్టి కాలు నీళ్ళలో పెట్టించింది.

పక్కనే మంగమ్మ కడవ ముంచుతోంది. నేరేడుచర్ల నుంచి కాపురానికొచ్చి మూడు నెలలైన పిల్ల. "నాకు గూడ వస్తదా అత్తా?" అని భయంగా అడిగింది.

"కొత్తకోడలికి మొదటేడు రాదు బిడ్డా. నలభై ఏండ్లల్ల సూడలే," అంది దేవమ్మ అలవాటుగా. అనేశాక ఆ మాట దగ్గరే ఆగింది. మొదటేడు ఎందుకు రాదు? ఈ యేడు తాగింది పైయేడు బయటపడుతుందా? అయితే తారది నిరుటి నీళ్ళ పాపమే, ఉప్పునీళ్ళది కాదు. సువర్ణను ఈ బావి నీళ్ళు తేకుండా ఇంకో యేడు ఆపగలిగితే పిల్ల కాళ్ళు దక్కుతాయి. ముసలిదానికి ప్రాణం లేచొచ్చింది.

అంతలో బొబ్బ చిట్లింది. పురుగు తల బయటపెట్టి పాలలాంటి తెల్లటి నీళ్ళు కక్కింది. విషం దిగిపోతోందని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పిన మాటే నాలుక మీదికొచ్చింది. దిగిపోయి ఎక్కడికి పోతోంది? ఆ తెలుపు మెల్లగా జరుగుతూ మంగమ్మ కడవ దగ్గరకు పోతోంది.

దేవమ్మ తార కాలును నీళ్ళలోంచి గుంజేసింది.

"కడవ పారబొయ్యి మంగమ్మా."

"ఎందుకత్తా?"

"రోగం నీళ్ళల్ల నేనే కలుపుతున్ననే," అంది దేవమ్మ. "ఇన్నేండ్ల సంది, ఈ మెట్టు మీద కూసుండవెట్టి, నేనే."

మంగమ్మకు ఏమీ అర్థం కాలేదు. నిండిన కడవ పట్టుకుని, పారబోయాలా వద్దా అని ముసలమ్మ ముఖంలోకి చూస్తూ నిలబడింది.