ఒకే కంచెలో ఇరవై పొదలు

ఈ ఉదయం శ్రీకాకుళం రైతుబజారులో ఒక వాక్కాయ కొరికాను. ఆ పులుపుకి దవడలు రెండూ ఢీకొని కుడిచెవిలో గంట మోగింది. ఏ బండో వస్తోందనుకుని ఎదురుగా ఉన్న ఆటో పక్కకి తప్పుకుంది. రూతమ్మ మేడం గుర్తొచ్చారు.

మేడం నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పై అధికారి, మొక్కల శాస్త్రవేత్త. మనం కంచెకి నాటి, పప్పులో వేసి మరిచిపోయే వాక్కాయలో పొదకీ పొదకీ జన్యువుల్లో ఎంత తేడా ఉందో తేల్చడం ఆవిడ పని. ఆకులు కోసుకురావడం నాది. తేడాలు చాలా ఉన్నాయని తేలితే బొబ్బిలి దగ్గర కొండ మీది పొదల్ని ప్రభుత్వం ఉంచుతుంది. లేదంటే అన్నీ నరికి చదును చేస్తారు.

ఆ కొండ మీద ఇరవై పొదల ఆకులు తెమ్మన్నారు. ముళ్లు చూశాను. ఒక్కొక్కటి మా మావగారి మీసమంత! కొండ కిందే అప్పన్న అనే రైతు పొలానికి వాక్కాయ కంచె ఉంది. అరగంటలో ఇరవై పొదలు, ఇరవై సంచులు. వాటి మీద ‘శిఖరం’, ‘జలపాతం పక్కన’, ‘పులిగుహ ముందు’ అని రాసిపారేశాను. ఆ కొండకి జలపాతం లేదు. పులిని మా తాత కూడా ఎరగడు.

ల్యాబులో ఒక్కో పొద డీఎన్‌ఏ ఒక్కో గీతల వరసగా కనిపిస్తుంది. పొద మారితే గీతలు మారాలి. మా ఇరవై వరసలూ బడిపిల్లల యూనిఫాంలా ఒకేలా నిలబడ్డాయి.

“ఏటయ్యా ఇది? పులిగుహ దగ్గరిదీ, జలపాతం దగ్గరిదీ కవలలేటి?”

“గాలికి గింజలు ఎగిరి ఉంటాయి మేడం...”

“ఇరవైసార్లా? జీపెక్కు.”

అప్పన్న నన్ను చూడగానే గుర్తుపట్టాడు. “ఈ బాబేనమ్మా మొన్న ఆకులు కోసీసినాడు! పసరుమందుకేమో అనుకున్నాను. ఇయన్నీ ఒక్క మొక్కేనమ్మా. మా ఇంటిది కాపరానికొచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చినాది. కొమ్మలొంచి మట్టిలో తొక్కీసినాం, ఏళ్లూనీసినాయి.”

నా ముఖం అక్కడే మట్టిలో తొక్కేస్తే బాగుండుననిపించింది. మేడం అరవలేదు. “నోటితో ఎన్ని కోతలైనా కొయ్యి, నవ్వుతాను. సంచి మీద కోస్తే మాత్రం ఆ కొండ మీద పొదలు సచ్చిపోతాయి. రిపోర్టుకి వారమే ఉన్నాది. పద!” అని, చీర కుచ్చెళ్లు పైకి దోపి, యాభై దాటిన మనిషి నాకంటే ముందు కొండెక్కేశారు. మూడు రోజులు తిరిగాం. నా చొక్కాలో కాలరు తప్ప మిగతాదంతా కొండకే సమర్పించుకున్నాను.

మళ్లీ గీతలు తేలాయి. మేడం చేతితొడుగులతోనే నా వీపు మీద దరువేశారు. “ఒరే, సూడు! ఏ రెండూ ఒకటి కావురా! నా కొండ బతికిపోయిందిరా!” కేక విని పక్కగదిలోవాళ్లు అగ్నిప్రమాదమనుకుని మెట్లు దిగి పరిగెత్తారు. రిపోర్టులో అప్పన్న కంచెని కూడా చేర్చారు, ఒకే ఒక్క పొదగా.

కొండ నిలిచింది. మేడం ఇప్పుడు లేరు. ఈ ఉద్యోగంలోనే నా జుట్టు నెరిసింది. ఇంట్లో, టీకొట్లో నా కోతలకి అంతులేదు. సంచి మీద పెన్ను పెట్టేటప్పుడు మాత్రం, నా కాళ్లు ఎక్కడున్నాయో ఒకసారి కిందికి చూసుకుని రాస్తాను.